‘ఒకే దేశము, ఒకే చందా’ — విమర్శనము

మన దేశమందలి విద్యాలయములకు విదేశీయ శాస్త్రపత్రికలను సమకూర్చుటకై భారతప్రభుత్వమువారు ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అను పథకమును 2024 నవంబరు 25వ తేదీని మంత్రివర్గమున నామోదించి, 2025 జనవరి 1వ తేదీ మొదలుకొని యమలుపరచుచున్నారు. దీనినే తెలుగున ‘ఒకే దేశము, ఒకే చందా’ యనుచున్నారు. ఇది శాస్త్రజ్ఞుల వ్యవహారము, సాహిత్యపరిశోధకులకు దీనితో నేమి పని యని కొందరనవచ్చును. చందా, గ్రంథాలయము, ప్రతి, పాఠకుడు అను నాలుగు మాటలతో కూడిన యొడంబడిక యేదియు మనకు పరాయిది కాదు. ఇట్టి యొడంబడికలను గూర్చి మన తాతలతరమువారు చేసిన ప్రయత్నములు మన సాహిత్యచరిత్రలోనివే. కావున నీ పథకమును గ్రంథవిమర్శకుని దృష్టితో పరిశీలించుట యనుచితము కాదని తలచుచున్నాను.

పథకస్వరూపము సంగ్రహముగా నిది. ముప్పదిమంది అంతర్జాతీయ ప్రకాశకుల పత్రికలు దాదాపు 13,000 ఇందు చేరియున్నవి. 2025, 2026, 2027 సంవత్సరములకు కలిపి సుమారు 6,000 కోట్ల రూపాయలు వ్యయపరచుటకు నిశ్చయించిరి. కేంద్ర రాష్ట్ర ప్రభుత్వముల యధీనమందలి ఉన్నతవిద్యాసంస్థలును, కేంద్రప్రభుత్వ పరిశోధనసంస్థలును కలిసి 6,300కు పైబడిన సంస్థలు దీనివలన లబ్ధిపొందును. వానిలో చదువువారు, చదివించువారు, పరిశోధించువారు ఇంచుమించు 1.8 కోట్లమంది. లెక్కవేసి చూడగా మనిషికి సాలీనా పదునొకండువందల రూపాయలు పడును. కార్యనిర్వహణభారము గాంధీనగరమందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రముపై నున్నది. ఇది విశ్వవిద్యాలయ నిధుల సంఘమునకు చెందిన సంస్థ.

గుణము లేని కావ్యమును విమర్శింప నక్కరలేదు. ఈ పథకమునకు గుణములున్నవి. ఇంతకుముందు వేర్వేరు మంత్రిత్వశాఖల క్రింద పది గ్రంథాలయ సమాఖ్యలుండి, యెవరి బేరము వారాడుకొనుచుండిరి. 2015లో మూడు సమాఖ్యలను కలిపి ‘ఈ-శోధసింధు’ నేర్పరచినప్పుడే యీ చిక్కు కొంత సడలినది గాని పూర్తిగా తీరలేదు. ఒకే ప్రకాశకునికి ఒకే దేశపు ధనము పలుత్రోవల పోవుచుండెను. పెద్ద విశ్వవిద్యాలయమునకు లభించు పత్రిక తాలూకా పట్టణమందలి ప్రభుత్వకళాశాలకు కలలోనైన కానరాకుండెను. ఇప్పుడు హైదరాబాదునందలి విశ్వవిద్యాలయమున నున్న పరిశోధకునికిని, జనగామవంటి పట్టణపు ప్రభుత్వ డిగ్రీ కళాశాల విద్యార్థికిని ఒకే బీరువా తెరవబడినది. ఇది సామాన్యమైన మేలు కాదు. దీనిని చిన్నచూపు చూచువారితో నేనేకీభవింపను.

ఇక దోషవిచారము. ముందుగా నొక మాట యర్థమును నిర్ణయించుకొనవలసియున్నది. ఆంగ్లమున ‘ఓపెన్ ఆక్సెస్’ అను పద్ధతి యొకటి కలదు. శాస్త్రవ్యాసము వెలువడిన క్షణముననే యది యెల్లవారికిని వెల లేక, అనుమతి యడుగక, చదువుకొనుటకును ప్రతులు తీసుకొనుటకును లభింపవలయునని 2002 ఫిబ్రవరిలో బుడాపెస్టు నగరమున వెలువడిన ప్రకటన దానికి మూలము. దీనికి మనవారు పలుమాటలు కల్పించుచున్నారు. నాకు ‘అనర్గళ ప్రచురణము’ అనుట యుచితముగా తోచుచున్నది. అర్గళమనగా తలుపుగడియ. గడియ లేనిది అనర్గళము. ఈ చక్కని మాటను మనము సభలలో నుపన్యాసకుల వాగ్ధాటిని పొగడుటకు మాత్రమే వాడి యరగదీసినాము. దానికి తన మొదటియర్థము మరల నిచ్చిన తప్పులేదు. సరే, ‘ఒకే చందా’ పథకము అనర్గళమా యనిన, కాదు. గడియ యట్లేయున్నది. తాళపుచెవులు మాత్రము మునుపటికంటె నెక్కువమందికి పంచిపెట్టబడినవి. పత్రికలలో నీ రెండు మాటలను కలగాపులగముచేసి, ‘ఇక శాస్త్రవిజ్ఞానము భారతీయులందరి సొత్తు’ అని వ్రాసినవారు చెప్పినది పొరపాటు. అందరిది కాదు, పేరు నమోదైన సంస్థలవారిది.

తాళపుచెవి లేనివారెవ్వరు? ప్రైవేటు కళాశాలలవారు మొదటిదశలో లేరు. పాఠశాలల యుపాధ్యాయులు లేరు. ఊరి వైద్యుడు లేడు. శాఖాగ్రంథాలయమునకు వచ్చు పాఠకుడు లేడు. పదవీవిరమణ చేసిన ఆచార్యుడు, తానే సంవత్సరములకొలది వ్యాసములు వ్రాసినవాడు, సంస్థ గడప దాటగానే బయటివాడగును.

ఇందుకు దృష్టాంతము దూరమున వెదకనక్కరలేదు. నేను లింగాల ఘనపూర్ పాఠశాలలో తెలుగు చెప్పువాడను. ప్రకృతిశాస్త్రము బోధించు మిత్రుడొకడు నాతో పనిచేయుచున్నాడు. మా జనగామసీమ పూర్వపు నల్లగొండ మండలమునకు పొరుగు. అచటి బావినీటిలో ఫ్లోరైడు మాట యెరుగనివారు లేరు. పండ్లు గారపట్టి, యెముకలు బిగిసి, నడుము వంగిన మనుష్యులను చూచియే మా పిల్లలు పెరిగినారు. ఈ వ్యాధినిగూర్చి మన దేశమున మొట్టమొదట శాస్త్రరీత్యా వ్రాయబడినది తెలుగువారినిగూర్చియే. 1937లో షార్టు అను వైద్యుడు తన సహచరులతోగూడి, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు మండల గ్రామములందు చూచినదానిని ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చి’లో ప్రకటించెను. నీటినుండి ఫ్లోరైడును పటికతోను సున్నముతోను తొలగించు ఉపాయమొకటి నాగపురమందలి ‘నీరి’ సంస్థవారు కనిపెట్టగా దానికి ‘నల్లగొండ పద్ధతి’ యనియే పేరు నిలిచినది. వ్యాధి మనది, ఊరిపేరు మనది, పరీక్షకు బావినీరిచ్చినవారు మనవారు. మా మిత్రుడు పిల్లలకు బోధించుటకై యీ విషయమున నొక క్రొత్త వ్యాసమును చూడగోరి వెదకగా, శీర్షికయు సారాంశమును మాత్రము కనబడి, తక్కిన భాగమునకు ముప్పది డాలర్లకు పైగా చెల్లింపుమని జవాబు వచ్చినది. ఆ పత్రికకు దేశము చందా కట్టియేయున్నది. కాని మా పాఠశాల ఆ దేశములో చేరలేదు!

చందా యను మాటకు మన యాంధ్రదేశమున వేరొక చరిత్ర కలదు. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. తెలుగునకు రాజాదరము లేని దినములలో ఈ రెండును చందాదారుల రూపాయలతోను దాతల యీవితోను నిలిచినవి. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు మిత్రులతో కలిసి విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. చరిత్రతోబాటు ప్రకృతిశాస్త్రములపై తెలుగున గ్రంథములు వ్రాయించి, చౌకగా నచ్చొత్తించి, జనులకందించుట దాని యుద్దేశము. ఆ మండలి చందాదారుడు కట్టిన రూక యేమిచేసెను? తనకొక ప్రతిని తెచ్చిపెట్టెను. అంతతో నాగక, ఆ గ్రంథము పుట్టుటకే కారణమయ్యెను. పుట్టిన పిదప దానిని చందాదారుడు కానివాడును కొనవచ్చును, ఎరువు తెచ్చుకొనవచ్చును, ప్రతి వ్రాసికొనవచ్చును. చందా యనగా నది సృష్టికి పెట్టుబడి. గడప దాటుటకు రుసుము కాదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘ మేర్పడిన పిదప అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువా రీ భావమునే యూరూర వ్యాపింపజేసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లిపర, పెదవడ్లపూడుల నడుమ కాలువపై పడవగ్రంథాలయమును నడపిరి. చదువరి గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే చదువరియొద్దకు పోవలయు నన్న పట్టుదల యది. ఆ పడవలో పుస్తకమడిగినవానిని నీ సంస్థ యేది యని ప్రశ్నించినట్లు వినలేదు.

ప్రతులు కొందరిచేతనే యుండుటవలన కలుగు నష్టము పండితులకు నేను చెప్పవలసినది కాదు. మా జిల్లాలోని బమ్మెర పోతనామాత్యుని నివాసమని మేము నమ్ముచున్నాము. ఒంటిమిట్టవాదము నిచట తడవను. ఆయన భాగవతము కొంతకాలము నేలపాలై, తీసిచూచునప్పటికి కొన్ని భాగములు శిథిలమై యుండెనని యైతిహ్యము. ఆ కథ నిజమైనను కాకున్నను, పంచమస్కంధము గంగనయు, షష్ఠమును ఏర్చూరి సింగనయు, ఏకాదశ ద్వాదశములను వెలిగందల నారయయు పూరించిరన్నది నిజము. ఊరికొక్క ప్రతి యుండినచో ఈ పూరణల యవసరమే కలిగియుండదేమో. ఇప్పటి శాస్త్రపత్రికలు తాటాకులపై లేవుగదా యని నవ్వవద్దు. వ్యాసమంతయు నొక్క ప్రకాశకుని యంత్రములయందే యుండి, చందాగడువు ముగియగానే తెర మూతపడునెడల, చెదపురుగునకును గడువునకును ఫలమున భేదమేమి? కాగితపు పత్రికలనాడు చందా మానినను పాతసంపుటములు బీరువాలో నిలిచియుండెడివి. 2027 డిసెంబరు తరువాత మన చేతనేమి మిగులునన్న ప్రశ్నకు వచ్చు నొడంబడిక స్పష్టముగా సమాధానము చెప్పవలయును.

ఆశ్చర్యకరమైన సంగతి యేమనగా, గాంధీనగరమందలి యా సంస్థవారే ‘శోధగంగ’ యను మరియొక భాండాగారమును నడపుచున్నారు. విశ్వవిద్యాలయములందలి పరిశోధకుల సిద్ధాంతవ్యాసములను అందు నిక్షేపింపవలయునని 2009లో నిధులసంఘమువారు నియమముచేసిరి. ఇప్పుడందు లక్షలకొలది వ్యాసములున్నవి. తెలుగుశాఖలలో వ్రాయబడినవియు ననేకము. పాల్కురికి సోమనాథునిపై నొకడు కష్టపడి వ్రాసినదానిని పాలకుర్తిలో కూర్చున్నవాడు, పేరు చెప్పక, పైకము చెల్లింపక చదువుచున్నాడు. జానుతెనుగున, ద్విపదలో, సామాన్యుడు పాడుకొనుటకు వీలుగా గ్రంథము వ్రాసిన యాకవి కిది తగిన మర్యాదయే. ఒకే యింటికి రెండు వాకిళ్లు: ఒకదానికి గడియ లేదు, రెండవదానికి ఉన్నది. మొదటిదానికి వ్యయము స్వల్పము, రెండవదానికి 6,000 కోట్లు. ఈ తారతమ్యమును పథకకర్త లెరుగరని నేననుకొనను.

గడియ తీయింపవలెనన్న ప్రయత్నము లితరదేశములందు పలువిధముల జరిగినవి. జర్మనీదేశపు విద్యాసంస్థలు ‘డీల్’ అను పేర నేకమై, చదువుట కిచ్చుచున్న ధనముతోనే తమవారు వ్రాయు వ్యాసములు అనర్గళముగా వెలువడవలయునని పట్టుబట్టెను. 2019లో వైలీ సంస్థతోను, 2020లో స్ప్రింగర్ నేచర్‌తోను ఒప్పందము కుదిరినది. ఎల్సెవియరుతో కుదురుటకు 2023 వరకు పట్టినది. ఈలోపల ననేక జర్మను విశ్వవిద్యాలయములు ఆ సంస్థ క్రొత్త సంచికలు లేకయే కాలము గడపినవి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు సైతము 2019 ఫిబ్రవరిలో ఆ సంస్థతో చర్చలు విరమించి, రెండేండ్లు పస్తుండి, 2021 మార్చిలో తమ షరతులకు దగ్గరగా నొప్పించిరి. ఏకాదశినాటి యుపవాసము కూడ చేయలేనివారమని మన సంస్థలను గూర్చి యెవరైన ననుకొన్నయెడల నాశ్చర్యము లేదు. కాని బేరమున బలము కలుగునది వద్దనగలవానికే.

ఐతే యీ పద్ధతియందును లోపము కలదు. చదువరినుండి తీసివేసిన రుసుము వ్రాయువాని మెడకు చుట్టుకొన్నది. ఒక్క వ్యాసమును అనర్గళముగా ప్రకటించుటకు వేలకొలది డాలర్లడుగు పత్రికలున్నవి. ధనికదేశపు సంస్థ తన రచయిత పక్షమున చెల్లించును. వరంగల్లు పరిశోధకుని పక్షమున నెవరు చెల్లింతురు? మన పథకమున నిందుకై సంవత్సరమునకు 150 కోట్ల రూపాయలు కేటాయించినారు. ఉద్దేశము మంచిది. కాని యిది గడియ వేయుటకు 2,000 కోట్లు, తీయుటకు 150 కోట్లు నిచ్చినట్లున్నది. పైగా రెండును చేరునది ప్రాయికముగా నా ప్రకాశకుల ఖజానాకే. ఐరోపాలో నీ విధమైన మార్పునకు ముందుండి త్రోవచూపిన ‘కొయలిషన్ ఎస్’ అను నిధిదాతల కూటమివారే 2024 చివరినుండి యిట్టి మధ్యకాల యొడంబడికలకు తమ ధనసాహాయ్యమును మానుకొందుమని ప్రకటించిరి. ఇతరులు విడుచుచున్న బట్టను మనము క్రొత్తగా కుట్టించుకొనుట వివేకము కాదు.

నా మనస్సునకు నచ్చినవి రెండు ప్రయోగములు. జెనీవా సమీపమందలి సెర్న్ పరిశోధనాలయము ముఖ్యస్థానముగా 2014లో ‘స్కోప్ త్రీ’ యను కూటమి యారంభమైనది. పరమాణుగర్భశాస్త్ర గ్రంథాలయములు మూడువేలకు పైగా తాము పూర్వము కట్టుచున్న చందాలనే యొకచోట చేర్చి, ఆ శాస్త్రమున ముఖ్యపత్రికల వ్యాసములు ప్రపంచమంతటికి తెరచియుండునట్లును, రచయితకు రుసుము లేకుండునట్లును చేసినవి. రెండవది ‘ఆన్యువల్ రివ్యూస్’ అను లాభాపేక్ష లేని సంస్థవారిది. వారు తమ పాత చందాదారులైన గ్రంథాలయముల నుద్దేశించి, మీరెప్పటివలె చందా కట్టుడు. తగినంతమంది కట్టినచో ఆ యేటి సంపుటము నెల్లరకు తెరచెదము. కట్టకున్న మూసియుంచెదము అని పలికిరి. 2020లో అయిదు పత్రికలతో మొదలిడి, 2023 నాటికి మొత్తము 51 సంపుటములను తెరచిరి. ఈ విధానమును చూచినప్పుడు నాకు విజ్ఞానచంద్రికామండలియే జ్ఞప్తికి వచ్చినది. కొందరు కట్టిన చందా, అందరకు పుట్టిన గ్రంథము. నూరేండ్లక్రిందట మన పంతులుగా రెరిగిన యుపాయమునే వారు క్రొత్తగా కనుగొనిరి. మన దేశముననే బెంగుళూరు విజ్ఞానపరిషత్తు తన పత్రికల వ్యాసములను వెల లేక చదువుకొననిచ్చుచున్నది.

పూర్వపక్ష మొకటి కలదు. అనర్గళ మనర్గళమని పట్టుబట్టి కూర్చున్నచో, నేడు చదువవలసిన విద్యార్థి యెండిపోవును. మూసినతలుపు పగులువరకు వేచియుండుటకంటె తాళపుచెవి సంపాదించుట మేలు అని కొందరు పెద్దలనుచున్నారు. ఈ వాదము బలమైనది. క్షయరోగమునుగూర్చి పరిశోధించువాడు పదియేండ్లు వేచియుండలేడు. నేనీ పథకమును రద్దుచేయు డనుటలేదు. 1.8 కోట్లమంది పాఠకులను చూపి బేరమాడగల సర్కారు, ఆ బలమును చదువుటకు మాత్రమే వినియోగించి, తెరపించుటకు వినియోగింపకుండుట లోపమనుచున్నాను. ప్రపంచమున నింతపెద్ద కొనుగోలుదారులు చాల కొద్దిమంది. కొద్దిమందిలో నొకడై యుండి చిల్లరబేరగానివలె నడచుకొనుట తగదు.

2027తో ఈ గడువు తీరును. తరువాతి యొడంబడికలో ఏమడుగవలయునన్న విషయము ఇప్పటినుండియే చర్చింపదగినది. భారతీయుల ధనముతో జరిగిన పరిశోధనముపై భారతీయులు వ్రాసిన వ్యాసము, ఏ పత్రికలో వెలువడినను, రచయిత తుదిప్రతి రూపముననైన వెంటనే యెల్లరకు లభింపవలయునన్నది మొదటిది. ఇది క్రొత్త కోరిక కాదు. జీవసాంకేతికశాఖయు, శాస్త్రసాంకేతికశాఖయు కలిసి 2014 డిసెంబరులోనే యిట్టి నియమమును ప్రకటించినవి. పటాన్‌చెరువునందలి ఇక్రిశాటు 2009లోనే తనవారికి విధించినది. నియమము వ్రాసినంత సులభముగా పాటింపబడలేదు. ప్రకాశకునితో చేయు నొడంబడికలోనే దానిని చేర్చినచో పాటింపకుండుట కష్టమగును. రెండవది గ్రంథాలయములమాట. తెలంగాణమున ప్రతిగృహస్థుడును ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయపన్ను చెల్లించుచున్నాడు. జిల్లా గ్రంథాలయసంస్థల క్రింది శాఖలలో దినపత్రికలకును, పోటీపరీక్షల పుస్తకములకును కొరత లేదు. అట్టి శాఖలలో నొక్కొక్క యంత్రము నుంచి, అచ్చటకు వచ్చి కూర్చున్నవారు పత్రికలను చదువుకొనుటకు హక్కు సంపాదింపవచ్చును. బ్రిటనులో 2014లో పౌరగ్రంథాలయములయం దిట్టి యేర్పాటు ప్రారంభించిరి. పాశ్చాత్య విశ్వవిద్యాలయ గ్రంథాలయము లనేకము లోనికివచ్చిన బయటివారికి చదువ ననుమతించుచున్నవి. అసాధ్యమని ప్రకాశకు లనజాలరు.

తెలుగున శాస్త్రమును చెప్పుట వేరొక ప్రశ్న. ఈ 13,000 పత్రికలలో నధికభాగ మాంగ్లమున నున్నవి. తలుపులన్నియు తెరచినను మా గ్రామమున వానిని చదువగలవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. కాని ఆ నలుగురైదుగురు చదివిననే గదా తక్కినవారికి తెలుగున చెప్పుట! విజ్ఞానచంద్రికవారి శాస్త్రగ్రంథకర్తలు ఆంగ్లగ్రంథములు చేతికందినందుననే వాని సారమును మనభాషలోనికి తేగలిగిరి. మూలమందనివాడు అనువాదము చేయజాలడు.

మా మిత్రుడు చివర కేమిచేసెనందురా? వ్యాసము వ్రాసిన ఆచార్యునికి జాబు వ్రాసెను. నాలుగు దినములకు ప్రతి వచ్చినది, దానితో రెండు పంక్తుల యాశీర్వచనమును. అందలి పటమును కాగితముపై పెద్దదిగా గీయించి, ఏ యూరి నీటిలో ఫ్లోరైడెంత యున్నదో తెలుగుటంకెలలో వ్రాయించి, ఎనిమిదవతరగతి గోడకు తగిలించినాడు. పిల్లలు తమతమ యూళ్ల పేర్లు అందులో వెదకుకొనుచున్నారు.